అతుకులమ్మ పంపిన నమూనా

"ఎవరెవరికి పంపావు?"

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్న ఆ ఉదయం ఎన్నోసారి అడుగుతోందో ఆమెకే గుర్తులేదు. బల్లకు అవతల కూర్చున్న మనిషి మాత్రం మొదటిసారి అడిగినట్టే ఓపికగా జవాబు చెప్పింది.

"కెర్నెల్ మరమ్మతు బృందంలో నలుగురికి. ఎవరూ మధ్యలో చదవడానికి వీల్లేకుండా తాళం వేసి పంపాను. ఇంకెవరికీ..." అని ఆగి, ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూసింది. "మీకు పంపింది కూడా చెప్పమంటారా, మేడమ్?"

"పోలీసుల సంగతి నీకెందుకు? బయటివాళ్ళ సంగతి చెప్పు."

ఆమె మళ్ళీ తల దించుకుంది. నిన్న ఇంటి మెట్ల మీద నుంచి దించి జీపెక్కించినప్పుడు ఎలా దించుకుందో అలాగే.

తోటి ఇంజినీర్లు ఆమెను అతుకులమ్మ అంటారు. ఫోన్ కానీ, కంప్యూటర్ కానీ, ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టే యంత్రం కానీ, లోపల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని నడిబొడ్డున ఉండి, ఏ ప్రోగ్రామ్ ఎక్కడుండాలో, ఎవరు ఎవరి జోలికి పోకూడదో చూసుకునేది కెర్నెల్. ఆ కెర్నెల్‌లో ఎక్కడైనా కన్నం బయటపడితే దొంగల కంట పడకముందే దాన్ని వెతికి అతుకు వెయ్యడం ఆమె పని. ఆ పని చేస్తున్నట్టు ఇరుగుపొరుగుకు కూడా తెలియదు. నిన్న పోలీసులు వచ్చాక మాత్రం అందరికీ తెలిసింది, అదీ తలకిందులుగా.

గురువారం ఉదయం పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో మానిటర్లూ మందు పంపులూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. తెరల మీద గీతలు అలాగే నిలబడిపోయాయి. ఒక బాలింతకు రక్తపోటు పడిపోతుంటే తెర మీద మాత్రం అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసేసరికి ఆమెకు స్పృహ లేదు. ఇప్పటికీ రాలేదు. లోపలికి చొరబడినవాళ్ళు వాడిన కన్నం, అతుకులమ్మ రహస్యంగా మరమ్మతు చేస్తున్న కన్నం ఒక్కటే. ప్రపంచంలో అయిదారుగురికి మించి తెలియని సంగతి దొంగలకు ఎలా చేరింది?

పైగా ఆమె మంగళవారమే స్టేషన్‌కు వచ్చింది. ఆసుపత్రి యంత్రాల దగ్గర ఎవరో ఈ కన్నాన్ని తడుముతున్న జాడ ఉందనీ, జాగ్రత్త పడమని చెప్పండనీ ఫిర్యాదు చేసింది. దాడి జరిగాక ఆ ఫిర్యాదే ఆమె మెడకు చుట్టుకుంది. తనే కన్నం అమ్ముకుని, తన మీదకు రాకుండా ముందే వచ్చి నాటకమాడిందని, దాడి జరిగాక కేసులోకి దిగిన గూఢచారి బ్యూరో తేల్చింది. ఇన్‌స్పెక్టర్‌కూ అదే నిజమనిపించింది. నిన్న ఆసుపత్రికి వెళ్ళి, పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్న బాలింత భర్తకు, "మనిషి దొరికింది, బాబూ" అని చెప్పి వచ్చింది కూడా.

"ఆ కన్నం ఏమిటో మళ్ళీ చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్.

"లాడ్జీలో గది ఖాళీ చేసినవాడి దగ్గర తాళంచెవి తీసుకోవాలి కదా, మేడమ్. కెర్నెల్ గది వెనక్కి తీసుకుంది, తాళంచెవి తీసుకోవడం మరిచిపోయింది. ఆ గదిలో ఇంకొకరు దిగారు. పాత చెవి ఉన్నవాడు ఎప్పుడైనా వచ్చి తలుపు తీసుకోవచ్చు. ఆ దిగినవాడు లాడ్జీ మేనేజరే అయితే ఇక లాడ్జీ అంతా దొంగదే."

"నీ అతుకు?"

"ఖాళీ చేసేటప్పుడు చెవి లాక్కోమని నాలుగు వరుసలు రాశాను. అంతే. కన్నం నిజంగా ఉందని చూపించడానికి మాత్రం, చిన్న నమూనా దొంగతనం ఒకటి రాయాల్సి వచ్చింది."

"ఆ నమూనానే దొంగలు వాడారు."

"అలాగే ఉంది," అంది అతుకులమ్మ. ఆ మాటలో తప్పించుకునే ప్రయత్నమేమీ లేదు. "మేడమ్, ఒక్క మాట. నన్ను అరెస్టు చేశారని తెలిసి మా బృందం నా అతుకును పక్కన పెట్టేసింది. దొంగ చేతి కుట్టు ఎవరు నమ్ముతారు? అది ఈ సాయంత్రం అందరికీ వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ రకం యంత్రాలున్న ప్రతి ఆసుపత్రీ తలుపులు తెరుచుకుని కూర్చున్నట్టే. నన్ను ఇక్కడే ఉంచండి. నా మీద నమ్మకం లేకపోతే వేరే ఎవరితోనైనా ఆ అతుకు చూపించి, తప్పు లేదని వాళ్ళకు చెప్పించండి."

"అది మేం చూసుకుంటాం."

ఆ మాట అన్నాక ఇన్‌స్పెక్టర్‌కు గుర్తొచ్చింది. మంగళవారం కూడా సరిగ్గా అదే మాట అని పంపించింది.

తలుపు కొట్టకుండానే బ్యూరో అధికారి లోపలికి వచ్చాడు. చొక్కా మీద ముడత కనిపించని మనిషి. స్టేషన్‌లో అందరూ చాటున ఇస్త్రీ దొర అంటారు.

"ఇంకా పాఠాలు చెప్పించుకుంటున్నారా, ఇన్‌స్పెక్టర్ గారూ? బయటికి రండి ఒకసారి."

వరండాలో ఒక రిపోర్టు చేతిలో పెట్టాడు. పేజీని నిలువునా రెండుగా చీల్చి సన్నని అక్షరాల్లో ప్రోగ్రామ్ అచ్చు వేశారు.

"ఎడమ పక్కది ఆసుపత్రి యంత్రంలోంచి మావాళ్ళు యంత్రం భాష నుంచి తిరగరాసి బయటికి తీసింది. కుడి పక్కది ఈవిడ రాసింది. అడుగడుగూ ఒకటే. ఇంకా ఏం కావాలి మీకు?"

"కుడి పక్కది మీకెక్కడిది?"

"ఆవిడ కంప్యూటర్‌లోది. నిన్న మీవాళ్ళు పట్టుకొచ్చిందే."

"దానికి సీలు వేసింది నేను, సార్. తీసింది మీరా?"

"సీలు పాడవకుండా నకలు తీసుకునే పద్ధతులు మాకున్నాయిలెండి. మీకు లేకపోతే మేమేం చేస్తాం?" అని నవ్వాడు. "మనిషిని మాకు అప్పగించండి. మూడింటికి మా బండి వస్తుంది. మీ పైఆయనతో మాట్లాడేశాను."

"విచారణ పూర్తి కాలేదు."

"మీ విచారణ పూర్తయ్యేసరికి ఇంకో వార్డు పడకేస్తుంది. అప్పుడు పేపర్లవాళ్ళకు ఎవరు జవాబు చెబుతారు? మంగళవారం ఫిర్యాదు అందుకుని రెండు రోజులు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నది ఎవరో కూడా వాళ్ళు అడుగుతారు."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆమె పైఅధికారికి ఫోన్ చేసింది. ఆయన అవతల్నుంచి, "సంతకం పెట్టెయ్యమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. రిపోర్టులో అక్షరమ్ముక్క అర్థం కాకపోయినా, ముగింపు ఒక్కటీ చదివి, అప్పగింత కాగితం మీద సంతకం పెట్టింది. ఇస్త్రీ దొర దాన్ని తిరగేసి చూసుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడు కావడానికి ఇంకా వ్యవధి ఉంది. అతుకులమ్మ ఇంట్లో పనిచేసే గదిని ఇంకొకసారి చూసి రావాలనిపించింది ఇన్‌స్పెక్టర్‌కు. నిన్న ఆ గదిలోకి వెళ్ళినప్పుడు చుట్టూ పదిమంది, అరుపులు, కెమెరాలు. చూసిందేమీ లేదు.

తలుపు తీసింది అతుకులమ్మ భర్త. పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు చేసిచ్చే టెక్నీషియన్. చేతులకు సున్నపు పొడి, కళ్ళకు భూతద్దాల కళ్ళజోడు. ఆమెను చూసి కళ్ళజోడు నుదుటి మీదకు జరుపుకున్నాడు తప్ప, రమ్మని అనలేదు, వద్దని అనలేదు. ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది.

భార్యాభర్తలిద్దరిదీ ఒకటే గది, ఒకటే పొడుగాటి బల్ల. ఒక కొసన దవడల అచ్చులు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రెండో కొసన కంప్యూటర్లు ఉండాల్సిన చోట దుమ్ములో నాలుగు చదరపు గుర్తులు.

"కూర్చోమనడానికి కుర్చీ కూడా మీవాళ్ళే పట్టుకుపోయారు," అన్నాడతను. "దాని దిండులో ఏదో దాచిందట."

బల్ల కింద ఒక చిన్న పెట్టె కనబడింది. తెర ఉంది, లోపల పచ్చటి లైటు వెలుగుతోంది. పైనంతా సున్నపు పొడి పేరుకుని ఉండటంతో నిన్న ఎవరూ దాని జోలికి పోలేదు.

"ఇదేమిటి?"

"ఆసుపత్రి పంపుల్లో ఉండే బోర్డు. వాటిలో ఉన్న కెర్నెలే దీంట్లోనూ. నమూనా ఏది రాసినా ముందు దీని మీదే ఆడించి చూస్తుంది. ఎప్పుడేం నడిపిందో, ఏమైందో అదే గుర్తుపెట్టుకుంటుంది." అతను వంగి, మీట నొక్కాడు. తెర మీద వరసలు పైకి పాకాయి. "మంగళవారం మధ్యాహ్నం చూడండి. మొదటిసారి నడిపింది. లోపలికి దూరింది, వెంటనే బోర్డు బిగుసుకుపోయింది. 'తలుపు తీసిందండీ, తలుపులోనే ఇరుక్కుంది' అని నవ్వింది. పళ్ళు కాల్చే నా పొయ్యి కరెంటు లాగేసినందువల్లేమోనని నన్నూ రెండు తిట్టింది."

"తరవాత?"

"సాయంత్రం కూర్చుని తప్పు ఎక్కడుందో పట్టుకుంది. సరిచేసింది. ఇదిగో, ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా బోర్డు బిగుసుకోలేదు. చప్పుడు లేకుండా దూరి వచ్చేస్తుంది. ఆ సరిచేసిన దాన్నే ఆ నలుగురికీ పంపింది."

ఇన్‌స్పెక్టర్ తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ప్రసూతి వార్డులో యంత్రాలు బిగుసుకుపోయాయి. అందుకే గీతలు నిలబడిపోయాయి. అందుకే ఆ తల్లి ఇంకా స్పృహలోకి రాలేదు. దొంగల చేతిలో ఉన్నది సరిచేసిన నమూనా కాదు. మధ్యాహ్నం రాసిన తప్పుల నమూనా.

"మొదటిది కంప్యూటర్‌లో ఉంచిందా?"

"దాని మీదే దిద్దింది. పాతది ఉండదు. ప్రమాదం, ఉంచకూడదు అంటుంది."

"మరి దిద్దకముందు దాన్ని ఎవరికైనా పంపిందా?"

అతను బల్ల మీదున్న ఒక దవడను తీసి, పగులు ఉందేమో చూసి, మళ్ళీ పెట్టాడు.

"మీకు," అన్నాడు.

గదిలో పొయ్యి సన్నగా మూలుగుతోంది.

"రుజువేదీ లేకుండా పైవాళ్ళకు ఏం చెప్పమంటారని మీరే ఫోన్ చేశారు. ఆఫీసు మెయిల్ అలాంటి ఫైళ్ళు తీసుకోదు, నా సొంత ఫోన్‌కు పంపండి అన్నారు. 'ఫోన్‌కా మేడమ్?' అని ఆవిడ రెండుసార్లు అడిగింది. నేను ఇక్కడే ఉన్నాను. పోలీసులు అడిగితే ఎలా కాదంటాం అని సాయంత్రం దాకా ఆగకుండా, ఇంకా దిద్దని దాన్నే పంపింది."

"నిన్న ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. మీరు నా ముఖం మీద వేలు పెట్టి నోర్ముయ్ అన్నారు."

ఇన్‌స్పెక్టర్‌కు తల కొట్టేసినట్టయింది. నిన్న అన్న ఆ మాట ఆమెకు గుర్తుంది. బాగా గుర్తుంది. అప్పుడు అది అధికారమనుకుంది. ఆ రోజు ఫోన్‌కు ఏదో ఫైలు వచ్చిందనీ తెలుసు. చూద్దాంలే అనుకుని తెరవలేదు. గురువారం దాడి జరిగాక కూడా తెరవలేదు. ఈ ఉదయం ఆ మనిషి నోరు తెరిచి 'మీకు పంపింది కూడా చెప్పమంటారా' అని అడిగితే, నీకెందుకు అంది.

"ఆ బోర్డు తీసుకుని నాతో వస్తారా?" అని అడిగింది.

"మళ్ళీ జీపులోనా?"

"ముందు సీట్లో కూర్చోండి."

స్టేషన్ వెనక ఉన్న ల్యాబ్‌ను నడిపే పెద్దాయనను అందరూ ల్యాబ్ బాబాయ్ అంటారు. రిటైరు కావలసిన మనిషిని చేతకానివాళ్ళ చేతికి పని ఇవ్వలేక ఇంకా అట్టిపెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ తన ఫోన్ ఆయన ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ గోడ వైపు చూసింది. బోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న భర్త వైపు చూడలేకపోయింది.

బాబాయ్ తీగ తగిలించి చాలాసేపు పనిచేశాడు. చివరికి కళ్ళు నులుముకున్నాడు.

"అమ్మా, ఇందులో నీతో పాటు ఇంకొకడు కాపురం ఉంటున్నాడు. నీకొచ్చిన ప్రతి సందేశం, నువ్వు మాట్లాడిన ప్రతి మాట బయటికి పోతోంది. మైకు ఇప్పుడు కూడా తెరిచే ఉంది. నాలుగు వేపులా రేకు ఉన్న, సిగ్నల్ బయటికి పోని పెట్టెలో పెట్టి చూస్తున్నాను కాబట్టి ఈ క్షణానికి మనల్ని వినలేడు."

"ఎలా దూరాడు? ఈ కొత్త కన్నంలోంచేనా?"

"కాదు. పాత కన్నం. దానికి అతుకు వచ్చి ఏడాది దాటింది. అప్‌డేట్ చెయ్యమని ఫోన్ అడుగుతూనే ఉంది. నువ్వు ప్రతిసారీ 'తర్వాత' అని నొక్కావు." కాసేపు ఆగి, చెప్పనా వద్దా అన్నట్టు నసిగాడు. "ఆ పాత అతుకు కింద వేసినవాళ్ళ పేరు ఉంటుంది. చూశాను. ఈయన భార్యే."

ఇన్‌స్పెక్టర్ చెవులు కాగిపోతున్నాయి. ఉద్యోగంలో తప్పులు చేసింది, తిట్లు తింది, తిన్నంత తిట్టింది. ఇలా ఒంటి మీద బట్ట లేనట్టు ఎప్పుడూ అనిపించలేదు.

"మంగళవారం ఫైలు తెరువు బాబాయ్."

తెర మీద ప్రోగ్రామ్ పరుచుకుంది. చూపుకు అదంతా సంకేతాల ముద్దలాగే ఉంది. బాబాయ్ వేలు పెట్టి చూపించాక తెలిసింది, మధ్యమధ్య కొన్ని వరుసలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. యంత్రం కోసం రాసినవి కావు, చదివే మనిషి కోసం రాసినవి. ఇన్‌స్పెక్టర్ కూడబలుక్కుంటూ చదివింది.

'ఇక్కడ గది ఖాళీ చేస్తున్నాం.' 'చూడండి, పాత తాళంచెవి ఇంకా పనిచేస్తోంది.' 'భయపడకండి, ఈ నమూనా ఏదీ దొంగిలించదు.'

కంప్యూటర్ల గురించి తెలియని పోలీసుకు కూడా తెలియాలని పక్కన కూర్చుని చెప్పినట్టు రాసింది. అన్నిటికన్నా కింద ఇంకో వరస ఉంది.

'మేడమ్, చదివాక దీన్ని దయచేసి ఫోన్‌లో ఉంచకండి.'

ఇన్‌స్పెక్టర్ చదువుతుందని నమ్మి ఆవిడ రాసింది. తను చదవలేదు.

"బాబాయ్, ఈ తెలుగు మాటలు దొంగలు వాడిన ప్రోగ్రామ్‌లో మిగులుతాయా?"

"మిగలవమ్మా. మనిషి రాసింది యంత్రం భాషలోకి మారినప్పుడే ఇవన్నీ రాలిపోతాయి. ఆసుపత్రి యంత్రంలోంచి ఎవడెంత తవ్వినా ఈ మాటలు దొరకవు. అసలు ఫైలు చేతిలో ఉంటేనే కనిపిస్తాయి."

"నలుగురికీ పంపిన దాంట్లో?"

"ఉండవు," అన్నాడు భర్త. "మీకోసమని ప్రత్యేకంగా రాసింది. వాళ్ళకెందుకు?"

ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి ఇస్త్రీ దొర రిపోర్టు తీసింది. కుడి పక్క వరసలో, సన్నని అక్షరాల మధ్య, ఉదయం సంకేతాలనుకుని దాటేసిన చోట, ఇప్పుడు మాటలు కనిపించాయి. చూడండి, పాత తాళంచెవి. భయపడకండి. ఆఖరి వరస ఒక్కటే కత్తిరించేశారు.

ఇది అతుకులమ్మ కంప్యూటర్‌లో దొరకడానికి వీల్లేదు. మంగళవారం సాయంత్రానికే అక్కడ లేదు. ఉన్నది ఒకే ఒక్క చోట.

"బ్యూరోకు నా ఫోన్‌లోంచే వచ్చింది," అంది నెమ్మదిగా. "అందులో కాపురం ఉంటున్నది వాళ్ళే."

"ఇలాంటి కన్నాలు మూసుకుపోతే వాళ్ళ గూఢచారి పనులు సాగవమ్మా," అన్నాడు బాబాయ్. "ఇది కూడా తెరిచి ఉండాలనే చూస్తారు. వాళ్ళ చేతిలోంచి దొంగలకు ఎలా జారిందో అది నువ్వు తేల్చాలి. అమ్ముకున్నారో, ఎవడైనా ఎత్తుకుపోయాడో. జారాక మాత్రం తప్పు మోయడానికి ఒక తల కావాలి కదా."

భర్త లేచి నిలబడ్డాడు. "మూడింటికి ఆవిడని ఎవరికో అప్పగిస్తున్నారని జీపులో మీ డ్రైవరుతో అన్నారు. ఎవరికి?"

ఇన్‌స్పెక్టర్ విచారణ గదికి పరిగెత్తింది.

విచారణ గదిలో ఒక మహిళా కానిస్టేబుల్ బల్ల తుడుస్తోంది. "ఇప్పుడే తీసుకెళ్ళారు మేడమ్. ముందే వచ్చారు. మీ సంతకం చూపించారు, పంపేశాను." ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి, "తప్పా మేడమ్?" అని అడిగింది.

"నీది కాదు," అంది ఇన్‌స్పెక్టర్. ఆ ఇంట్లో మాట్లాడిన మాటలన్నీ తన జేబులోని ఫోన్‌లోంచే వాళ్ళకు చేరి ఉంటాయి.

బల్ల మీది ఫోన్ అందుకుని బ్యూరోకు చేసింది. అలాంటి బండి ఏదీ తమ దగ్గర నమోదు కాలేదని జవాబు వచ్చింది. పైఅధికారికి చేసింది. ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. గేటు దగ్గరి మనిషి బండి నంబరు సగమే చూశాడు. అందిన సగాన్నే అన్ని స్టేషన్లకూ చెప్పించింది.

తిరిగి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చేసరికి భర్త అదే చోట నిలబడి ఉన్నాడు. అబద్ధం చెప్పడానికి వీలైన మాటలు రెండు మూడు ఆమె నోటిదాకా వచ్చాయి. అప్పగింత మామూలే, కంగారు పడకండి, సాయంత్రానికి తెచ్చేస్తాం.

"తీసుకెళ్ళిపోయారు," అంది. "ఎక్కడికో తెలియదు. సంతకం నాదే. రిపోర్టు చదవకుండానే పెట్టాను. మీ ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. తప్పంతా నా జేబులో ఉంది."

అతను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. బోర్డును మెల్లగా బల్ల మీద పెట్టి, "ఇప్పుడేం చేస్తారు?" అని మాత్రం అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ రేకు పెట్టె దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, నేను చెప్పేది రికార్డు చెయ్యి. ఆవిడ బృందంలో ఆ నలుగురి చిరునామాలు ఈయన దగ్గరుంటాయి. వాళ్ళకూ, మా పైఆయనకూ, పెద్దాసుపత్రికీ, కోర్టుకూ ఒకేసారి పంపడానికి సిద్ధం చేసుకో. నేను చెప్పేదాకా పంపకు."

"ఒకసారి పంపాక వెనక్కి తీసుకోలేవమ్మా. నీ ఉద్యోగం..."

"తెలుసు."

పెట్టె మూత తీసి ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఎవరికీ నంబరు నొక్కలేదు. నోటి దగ్గర పెట్టుకుని, సాక్షి బోనులో నిలబడినట్టు మాట్లాడింది. తన హోదా చెప్పింది. మంగళవారం ఒకావిడ మంచికి వచ్చి హెచ్చరించిందని చెప్పింది. రహస్యంగా ఉంచాల్సిన నమూనాను నిబంధనలకు విరుద్ధంగా తన సొంత ఫోన్‌కు పంపించుకున్నానని, తెరిచి కూడా చూడలేదని, ఏడాదిగా అప్‌డేట్ చెయ్యని ఆ ఫోన్‌లోంచే అది బయటికి పోయిందని చెప్పింది. వార్డులో బాలింత అలా పడి ఉండటంలో తన వంతు ఉందని రెండుసార్లు చెప్పింది. నిర్దోషిని ఇంటి మెట్ల మీద నుంచి దొంగలా దింపానని, ఆవిడ వేసిన అతుకులో ఏ దోషమూ లేదని ఈ ల్యాబ్ పరీక్షించి చెబుతుందని, వెంటనే అందరికీ పంపించమని అడిగింది. బ్యూరో రిపోర్టులో కుడి పక్క వరస ఎక్కడిదో కూడా చెప్పింది.

"మీరు వింటున్నారని తెలుసు, సార్," అంది చివరికి. "ఇప్పుడు ఆవిడ నోరు మూయించినా లాభం లేదు. ఆవిడ చెప్పాల్సిందంతా నేను చెప్పేశాను."

బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.

చేతిలో ఫోన్ మోగింది.

"బాగా మాట్లాడారు, ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు ఇస్త్రీ దొర. గొంతు ఎప్పటిలాగే నలగకుండా ఉంది. వెనక బండి నడుస్తున్న చప్పుడు. "అయితే మీరింకా పంపలేదు. పంపి ఉంటే నాతో చెప్పరు. ఒక పని చేద్దాం. అది మీ గదిలోనే ఉండనివ్వండి. సాయంత్రానికి ఆవిడను క్షేమంగా ఇల్లు చేరుస్తాను. కేసు చల్లబడిపోతుంది. మీ ఫోన్ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మీ పరువు మీ దగ్గరే ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ భర్త వైపు చూసింది. అతనికి అవతలి మాటలు వినబడ్డాయి. ఔననమని అడుగుతున్నాడో కాదనమని అడుగుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

ఆ అతుకు ఈ సాయంత్రం వెళ్ళకపోతే ఎన్ని వార్డులు? ఆ ప్రశ్న ఇద్దరి మధ్యా నిలబడింది. అతను కళ్ళు మూసుకుని, తల ఊపాడు.

"ఆవిడైతే పంపమంటుంది," అన్నాడు.

"పంపెయ్ బాబాయ్," అంది ఇన్‌స్పెక్టర్.

బాబాయ్ మీట నొక్కిన శబ్దం అవతలికి కూడా వినిపించే ఉంటుంది. ఇస్త్రీ దొర ఏమీ అనలేదు. లైను మాత్రం తెగలేదు. బండి వేగం తగ్గింది. చక్రాల కింద కంకర నలిగింది. ఇంజను ఆగిపోయింది. ఆ తర్వాత దూరంగా, ఉదయమంతా ఓపికగా జవాబులు చెప్పిన గొంతే, ఎవరినో అడిగింది.

"ఇక్కడెందుకు ఆపారండీ?"